ఆగి ఉన్న బండి

రెండువేల ఎనిమిది అక్టోబరు, ఒక సాయంత్రం. చిలకలూరిపేటలో ఒక పత్తి మిల్లు గేటు దాటి గుంటూరు వైపు బయల్దేరిన పాత విదేశీ కారులో ఇద్దరే ఉన్నారు. తోలుతున్నది మిల్లు ఓనరు గారి డ్రైవరు ఆదాం. పక్కన కూర్చున్నది గుంటూరులో పత్తి విత్తనాల కొట్టున్న బాపయ్య. ఇట్లాంటి కారు కోసం ఏడాదిగా ఆయన వాకబు చేయని చోటు లేదు.

"డీజిలే అంటావు. మరి చప్పుడేదయ్యా?"

"రాదండీ. అదే దీని గొప్ప. లోపల కూర్చుంటే ఇంజను నడుస్తోందో లేదో తెలియదు."

"అదేం గొప్ప. నాకు చప్పుడు కావాలి. డీజిల్ బండే కావాలని పట్టుబట్టింది అందుకే. చప్పుడుంటే నిద్ర రాదు."

"ఆయిలు ఖర్చు తక్కువని అడిగారనుకున్నానండీ. జాన్ బాషా అట్లాగే చెప్పాడు."

"బాషాకి అట్లాగే చెప్పాను. బ్రోకర్లకి అన్నీ చెప్పుకుంటామా ఏంటి. సరే, పోనీయ్. బాషాతో నేనడిగిన ఆ రెండోది చూపించు. అసలు దానికోసమే వచ్చాను."

"హైవే ఎక్కనీయండి. ఊళ్ళో అది పనిచేయదు. నీళ్ళు తాగుతారా? మీ పక్క డోరులోనే ఉంది సీసా."

"ఇందాకే కదయ్యా ఇచ్చావు, మిల్లులో."

"అవునవును. ఇచ్చాను."

"వెనక సీట్లో కూడా ఉన్నాయే. నాలుగా, అయిదా? ఉన్నది ఇద్దరం. ఎవరికి ఇన్ని నీళ్ళు?"

"అలవాటండీ. నీళ్ళు లేకుండా బండి తియ్యను."

"ఆ సిలువ నీదా?"

"నాదేనండీ. పక్కనున్న వినాయకుడు మా ఓనరు గారిది. ఇద్దరికీ చోటుందిలే, పెట్టుకోరా అన్నారు."

"మంచివాడే మీ ఓనరు. మరి ఇంత మంచి బండి ఎందుకు వదిలించుకుంటున్నాడు?"

"కొత్తది వస్తోందండీ. ఇదిగో, హైవే ఎక్కాం. ఇప్పుడు చూడండి. స్టీరింగు కింద ఈ లీవరు ఉందా, దీన్ని ఇట్లా నొక్కాను. ఎనభై మీద పెట్టాను. కాళ్ళు రెండూ వెనక్కి తీసేశాను."

"చూస్తున్నా."

"ముందు ఆ పత్తి బేళ్ళ లారీ పోతోంది కదండీ. అది నలభైలో ఉంటుంది. మనం ఎనభైలో పోతున్నాం."

"దగ్గరికి వచ్చేస్తోంది. బ్రేకు మీద కాలు పెట్టుకో."

"అవసరం లేదండీ."

"పెట్టుకోవయ్యా బాబూ. పెట్టుకో ముందు."

"మీటరు చూడండి. అరవై. యాభై అయిదు. నలభై. దాని వెనకాలే నడుస్తోంది, ఎడం తగ్గకుండా. నేనేం చేయలేదు."

"నువ్వేం చేయలేదా?"

"నా కాళ్ళు మీరే చూశారు కదండీ."

"చూశాను. చూశాను కానీ... మళ్ళీ ఒకసారి చెయ్యి."

"లారీ పక్కకి తప్పుకుంది, చూడండి. మళ్ళీ తనే ఎనభైకి పోతోంది. ముందు గ్రిల్లు వెనకాల రాడారు ఉందండీ. ఇంగ్లండులో మా ఓనరు గారి బావమరిది వాడిన బండి ఇది. వచ్చేటప్పుడు ఓడలో వేయించుకొచ్చాడు."

"ఇదిగో, ఇది చూడు. వద్దులే, రోడ్డు చూడు, నేనే చదువుతా. అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్. పేపర్లో ఆదివారం వేశాడు. కత్తిరించి జేబులో పెట్టుకు తిరుగుతున్నా, మడతల దగ్గర అక్షరాలు కూడా పోయినై. హైదరాబాదులో అడిగితే నవ్వారు. బెంగుళూరు ఫోన్ చేస్తే పెట్రోలు బండి ఉందన్నారు. ఇంటి పక్కన పేటలో ఉందని ఎవడికి తెలుసు."

"ఒక్కరే వచ్చారు. ఇంట్లో వాళ్ళకి చూపించుకోరా?"

"చూపించాల్సింది ఒక్కత్తికే. మా అమ్మాయి, లక్ష్మీదుర్గ. తాడేపల్లిలో ఉంటుంది. అది ఒప్పుకోవాలి."

"కారు కొనడానికాండీ?"

"కాదు. మనవరాల్ని ఇందులో ఎక్కించడానికి."

"అర్థం కాలేదండీ."

"శ్రీరమ్య అని, పదేళ్ళ పిల్ల. సెలవలకి గుంటూరు వస్తుంది, వాళ్ళమ్మతో, బస్సులో. నేను పోయి తీసుకొస్తానంటే మా అమ్మాయి ఒప్పుకోదు. నా పక్కన కూర్చోనివ్వదు. పోయినేడు వేసవిలో ఆ పిల్లే అడిగింది. అందరి తాతయ్యలూ వచ్చి తీసుకెళ్తారు, నువ్వెందుకు రావు తాతయ్యా అని. ఏం చెప్పను దానికి?"

"మీ అమ్మాయిగారు ఎందుకు ఒప్పుకోరండీ?"

"రోడ్డు చూసి తోలు."

"చూస్తూనే ఉన్నానండీ."

"ముందున్న బండిని చూసి తనంతట తనే ఆగే కారైతే పిల్లని పంపుతావా అని అడిగాను. అట్లాంటిది దొరికినప్పుడు చూద్దాంలే నాన్నా అంది. దొరకదనుకునే అంది, నాకూ తెలుసు. అయినా మాట మాటే కదా. ఏడాది నుంచీ ఆ మాట పట్టుకుని తిరుగుతున్నా."

"దొరికింది కదండీ మరి."

"దొరికింది. కాళ్ళు నిజంగానే తీసేశావు కదూ?"

"తీసేశానండీ."

"తొమ్మిదేళ్ళ క్రితం మా ఆవిడ పోయింది. నేను తోలుతున్న కారులో."

"అయ్యో. ఎక్కడండీ?"

"ఈ రోడ్డు మీదే. అప్పుడింకా ఒంటి రోడ్డు. దసరా నాడు అద్దంకిలో వాళ్ళ తమ్ముడింటికి పోయి వస్తున్నాం. యడ్లపాడు దాటాక రోడ్డు వార ట్రాక్టరు ట్రక్కు ఒకటి ఆగి ఉంది, పత్తి బోరాల లోడుతో. పొద్దు గూకింది. వెనక నుంచి పోయి గుద్దాను."

"నీళ్ళు తాగుతారా అండీ?"

"వద్దన్నా కదయ్యా."

"ఊరికే అడిగాను. మీ పేరేంటండీ? విత్తనాల కొట్టాయన అన్నాడే కానీ, బాషా పేరు చెప్పలేదు."

"బాపయ్య."

"బాపయ్యగారా."

"ఏం, ఎరుగుదువా?"

"లేదండీ. గుంటూరు వాళ్ళు నాకు పెద్దగా తెలియదు."

"స్పీడు తగ్గిందేం?"

"తగ్గలేదండీ."

"తగ్గింది. ముందు ఏ బండీ లేదే. దేన్ని చూసి తగ్గింది ఇది?"

"అది కాదండీ. నా కాలు పడింది బ్రేకు మీద."

"కాళ్ళు తీసేశానన్నావు."

"ఇప్పుడు పడిందండీ. మళ్ళీ ఎనభై పెడతాను ఉండండి."

"నిద్రపోయానంటారయ్యా అందరూ. పండగ భోజనం చేశాను, బూరెలు నాలుగు తిన్నాను, కాదనను. వాళ్ళింట్లోనే కాసేపు పడుకుని బయల్దేరాను కూడా. నాకు తెలిసి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. మా ఆవిడ ఏదో చెబుతోంది, తమ్ముడి కోడలి సంగతి. ఊఁ కొడుతున్నా. ట్రక్కు మటుకు కనపడలేదు. చివర్లో ఒక్కసారి పసుపు కనపడింది."

"పసుపా?"

"పసుపే. కళ్ళ నిండా పచ్చగా. ఆ మాట మా అమ్మాయికి చెప్పాను, అక్కడే చెడింది. రోడ్డు మీద పసుపేంటి నాన్నా, కల వచ్చింది నీకు, కల వచ్చిందంటే నిద్రపోయినట్టే కదా అంది. పండగ కదా, వాళ్ళమ్మ కాళ్ళకి పసుపు రాసుకుంది. అదే కల్లోకి వచ్చుంటుందంది. ఆసుపత్రి మంచం మీద కట్లతో ఉన్నాను, కాదని ఎట్లా వాదించను? కొన్నాళ్ళకి నాకూ అదే నిజమనిపించింది."

"మీరు ఇంకెవరికీ చెప్పలేదా అండీ, పసుపు సంగతి?"

"కళ్ళ డాక్టరుకి చెప్పాను. ఎందుకంటే అది పోలేదయ్యా. పొద్దు గూకితే చాలు, ఎక్కడో ఒక చోట కనపడుతుంది. గోడ మీద, కంచంలో, దేవుడి పటం వెనక. దుప్పటి ముసుగేసుకుంటే ముసుగు లోపల. కళ్ళలో ఏం లేదు పెద్దాయనా, మనసులో ఉందన్నాడు. మనసుకి మందు రాయలేదు."

"ఆ ట్రక్కుకి వెనక లైటు లేదేమోనండీ."

"ట్రక్కులకి లైట్లు ఎవడు పెడతాడు? రేడియం బిళ్ళలు ఉన్నాయి. ఇంతింత ఎర్ర బిళ్ళలు రెండు. పోలీసులు ఫోటో తీశారు, నేను చూశాను. అద్దాల్లా మెరుస్తున్నాయి. అంత మెరిసేవి కనపడలేదంటే గుడ్డివాడైనా అయ్యుండాలి, నిద్రైనా పోయుండాలి. గుడ్డివాణ్ణి కాను."

"ఫోటో మీరు చూశారా."

"చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఒక్కటే మేలయ్యా నాకు జరిగింది. ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు, ఆవిడ అక్కడికక్కడే పోయింది, ఏం తెలిసుండదు, నొప్పి కూడా తెలిసుండదని. ఆ మాట మీద బతుకుతున్నా. అది కూడా లేకపోతే నేనూ ఎప్పుడో పోయేవాణ్ణి."

"డాక్టరు అట్లా అన్నాడా?"

"అన్నాడు. ఏం?"

"ఏం లేదండీ. మంచి డాక్టరు."

"యడ్లపాడు వస్తోంది. ఆపు. ఇక్కణ్ణించి నేను తోలతా."

"చీకటి పడుతోందండీ. రేపు పొద్దున్నే వస్తే నిదానంగా..."

"చీకటి పడేటప్పుడే చూడాలి నాకు. దిగు."

కారు రోడ్డు వార ఆగి మళ్ళీ కదిలింది. ఇప్పుడు స్టీరింగు ముందు బాపయ్య ఉన్నాడు, ఆదాం పక్క సీట్లో ఉన్నాడు.

"తొమ్మిదేళ్ళయింది దీన్ని పట్టుకుని. లైసెన్సు మటుకు కొత్తది చేయించా."

"వెనక్కి పోదామా అండీ?"

"వద్దు. ఆ లీవరేనా? ఎనభై వద్దు. అరవై చాలు."

"ఒకసారి కిందికి నొక్కండి. అంతే. కాలు తీసేయండి."

"తీశాను. తీసేశాను. పోతోంది. ఆ బస్సు దగ్గరపడుతోంది ఆదామూ."

"పడనీయండి."

"దగ్గరికి వచ్చేసింది. తొక్కనా?"

"వద్దండీ. చూడండి."

"తగ్గింది. తగ్గిందయ్యా. నా కాలు కింద ఉంది, అదే తగ్గింది. సుబ్బరావమ్మా, చూశావుటే. ఇది ఆ రోజు ఉండి ఉంటే..."

"బాపయ్యగారూ, కళ్ళు తుడుచుకోండి. రోడ్డు కనపడదు."

"కనపడకపోయినా ఫర్వాలేదు కదయ్యా ఇప్పుడు. దానికి కనపడుతుందిగా. నా చొక్కా జేబులో సెల్లుంది, తియ్యి. పిల్లకి ఫోన్ కలుపు. ఆదివారం తాతయ్య వస్తున్నాడని చెబుతా."

"చేయొద్దండీ."

"ఏం?"

"ఇప్పుడే చేయొద్దు. ముందు పక్కకి తీసి ఆపండి. అక్కడ, కల్వర్టుకి ఇవతల. ఒక మాట చెప్పాలి."

"ఆపాను. చెప్పు. ఇంజను మంచిది కాదా?"

"ఇంజనుకేం లోపం లేదండీ. ఇది ఆగి ఉన్న బండిని చూడదు."

"చూడదేంటి? ఇందాకట్నుంచీ చూస్తోందిగా."

"కదిలే బండినే చూస్తుంది. ఆగి ఉన్నదాన్ని రోడ్డులో భాగమే అనుకుంటుంది, చెట్టూ స్తంభం మాదిరిగా. పోయినేడు ఆగున్న లారీ మీదికి ఎనభైలో పోయింది. నేను తొక్కబట్టి ఆగింది. బండితో పాటు కంపెనీ ఇచ్చిన పుస్తకంలో కూడా అదే ఉందని ఓనరు గారి అబ్బాయి చదివి చెప్పాడు. ఇది కొనేవాళ్ళకి చెప్పొద్దని బాషా అన్నాడు."

"అయితే ఆ రోజు నా దగ్గర ఈ కారే ఉంటే?"

"అయినా గుద్దేదండీ."

"అయినా గుద్దేదా."

"గుద్దేది."

"మరి ఇంకెందుకయ్యా నాకిది. ఏడాది తిరిగాను. చెప్పొద్దంటే నువ్వెందుకు చెప్పావు? అమ్ముకునేవాళ్ళ తరఫు మనిషివి."

"పిల్ల ఎక్కుతుందన్నారు కదండీ."

"అవును. పిల్ల ఎక్కుతుంది. మంచిపనే చేశావు. దానికేం చెప్పుకోవాలో నేను చూసుకుంటాలే. పద, ఇక వెనక్కి పోదాం. ఇక్కడే ఎక్కడో జరిగిందది కూడా. రోడ్డు వెడల్పు చేశాక గుర్తుపట్టలేకపోతున్నా. అదిగో, ఆ పెట్రోలు బంకు దగ్గరేమో."

"కాదండీ. ఇక్కడే. అప్పుడిక్కడ వరసగా మూడు తుమ్మచెట్లు ఉండేవి."

"నీకెట్లా తెలుసు?"

"డ్రైవర్లం కదండీ. దారి సంగతులు తెలుస్తుంటాయి."

"తొమ్మిదేళ్ళ నాటి తుమ్మచెట్లు, మూడని కూడా తెలుస్తుందా?"

"నీళ్ళు తాగండి ముందు."

"ఆదామూ, నీకెట్లా తెలుసని అడుగుతున్నా."

"మూడో చెట్టెక్కి కొమ్మ కొడుతున్నానండీ అప్పుడు. ట్రక్కు టైరు పంక్చరైంది. వెనకాల కొమ్మ పెడితే వచ్చే బండ్లకి తెలుస్తుందని కొడుతున్నాను. సగం తెగింది."

"ఆ ట్రాక్టరు..."

"నేనే తోలానండీ."

"నువ్వా. నువ్వు అక్కడే ఉన్నావా? చూశావా నన్ను?"

"మీ లైట్లు చూశాను. చెట్టు మీంచి అరిచాను కూడా. మీకు వినపడదు."

"అయితే ఒక్క మాట చెప్పు. తొమ్మిదేళ్ళ నుంచీ చెప్పేవాడు లేడు నాకు. నేను నిద్రపోయానా?"

"లేదండీ."

"నా మొహం చూసి చెప్పు."

"లేదండీ. చివర్లో బ్రేకు తొక్కారు. టైర్లు కీచుమన్నాయి, ఆ తరవాతే గుద్దిన చప్పుడు వచ్చింది. నిద్రపోయినవాడు బ్రేకు తొక్కడు."

"మరి ఎందుకు కనపడలేదయ్యా నాకు?"

"పసుపండీ."

"ఏంటీ?"

"దసరా కదండీ. పొద్దున ఆసామి గారింట్లో ట్రాక్టరుకి పూజ చేశారు. వాళ్ళ పెద్దావిడ ట్రక్కు వెనక చెక్కంతా పసుపు పట్టించింది, ముద్ద ముద్దగా. రేడియం బిళ్ళల మీద కూడా పూసి, వాటి మీదే బొట్లు పెట్టింది. అవి ఇక మెరవవని నాకు అప్పుడే తెలుసు."

"తెలిసీ తుడవలేదా?"

"వాళ్ళ పూజండీ. నేను చర్చికి పోయేవాణ్ణి. మా వాడ మనిషి చెయ్యి వాళ్ళ పసుపు మీద పడిందంటే ఊళ్ళో ఏమవుతుందో మీకు తెలియనిదేం కాదు. ఎండిపోతే అదే రాలుతుందిలే అనుకున్నాను. రాలలేదు."

"అయితే నాకు కనపడింది..."

"ఆ పసుపేనండీ. మీకేం కల రాలేదు. నేను రోజూ ప్రార్థనలో ఒప్పుకుంటూనే ఉన్నాను, కానీ ఒప్పుకోవాల్సింది మీ దగ్గర. మీ పేరు పేపర్లో చదివాను. కొట్టు ఎక్కడో కూడా కనుక్కున్నాను. రెండుసార్లు గుంటూరు వచ్చి వీధి మలుపు నుంచే వెనక్కి పోయాను. ఇవాళ మీరే వచ్చి పక్కన కూర్చున్నారు."

"మెలకువగానే ఉన్నానన్నమాట."

"ఉన్నారండీ."

"మెలకువగానే ఉన్నాను. చూడవయ్యా, తొమ్మిదేళ్ళు... నిన్ను తిట్టాలి. కొట్టాలి కూడా. తరవాత చూద్దాం అది. ముందు నాతో తాడేపల్లి రా. ఇప్పుడే. ఈ మాట మా అమ్మాయి ముందు నీ నోటితో చెప్పు. నేను చెబితే నమ్మదు, నువ్వు చెబితే నమ్ముతుంది. వస్తావా?"

"వస్తానండీ. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

"పిల్ల కూడా ఉంటుంది ఇంట్లో. దాని ముందే చెప్పు. ఉండు. ఒక్క క్షణం ఉండు. ఫోటోలో పసుపు లేదే."

"లేదండీ."

"నేను చూశాను కదా. బిళ్ళలు తళతళలాడుతున్నాయి. పసుపు ఆనవాలు కూడా లేదు. ఏమైంది మరి?"

"నేనే కడిగేశానండీ. పోలీసులు వస్తే నన్ను పట్టుకుంటారని. తువ్వాలు తడిపి రుద్దాను."

"ఎప్పుడు?"

"జనం రాకముందే. యడ్లపాడు నుంచి మనుషులు రావడానికి పావుగంట పట్టింది. మీకు స్పృహ లేదు."

"గుద్దిన వెంటనేనా? ముందు కారు దగ్గరికి రాలేదా?"

"వచ్చానండీ. వచ్చి, చూసి, మళ్ళీ ట్రక్కు దగ్గరికి పోయాను."

"పోతే పోయావులే. అప్పటికే సుబ్బరావమ్మ పోయింది కదా, నువ్వు మటుకు ఏం చేయగలవు. పోయింది కదా అప్పటికే?"

"నీళ్ళు తాగండి బాపయ్యగారూ."

"నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు. బయల్దేరిన దగ్గర్నుంచీ ఇదే గోల. ఎవరడిగారయ్యా నిన్ను నీళ్ళు?"

"అమ్మగారు అడిగారండీ. రెండుసార్లు అడిగారు. నా దగ్గరున్న క్యానులో నీళ్ళన్నీ అప్పటికే రేడియం మీద పోసేశాను."